చివరి జానెడు

మా షెడ్డు గేటు లోపల గోడకు ఒక బోర్డు ఉంది. నెలకొకరి గురించి అర పేజీ రాసి, ఫోటోతో సహా దానికి అంటిస్తారు. ఈ నెల మా ఆవిడ చౌడేశ్వరమ్మ వంతు వచ్చింది. మా ఇంజనీరు హెప్సిబా గారు తెల్లకాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, "ఆవిడ గురించి మీకంటే ఎవరికి తెలుసండీ రామలింగం గారూ, మీరే రాసెయ్యండి" అన్నారు. తొమ్మిది వాక్యాలు రాశాను. పుట్టిల్లు పెడన, అత్తిల్లు మంగళగిరి, చదువు అయిదో తరగతి, పాడైపోయిన సోలార్ ప్యానెళ్ళ మీంచి గాజు పగలకుండా ఊడదీయడంలో ఆవిడను మించిన చెయ్యి మా షెడ్డులో లేదు. అన్నీ నిజాలే రాశాను.

రాయని నిజం ఒకటి ఉండిపోయింది. మా ఆవిణ్ణి చూస్తే నాకు కుళ్ళు.

పక్కింటివాణ్ణి చూసి ఏడ్చేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. తోడల్లుణ్ణి చూసి ఏడవనివాడైతే అసలు మనిషే కాదు. కట్టుకున్న పెళ్ళాన్ని చూసి ఏడ్చే మగవాణ్ణి మాత్రం మీరు చూసి ఉండరు. ఇప్పుడు చూడండి. చేసిన పాపం చెబితే పోతుందంటారు గనక, బోర్డు మీద పట్టనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

మేం దేవాంగులం. మంగళగిరిలో మా తాత తవ్వించిన గుంటలోనే మా మగ్గం ఉండేది. పద్దెనిమిదో ఏట ఆ గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నవాణ్ణి నలభై ఆరో ఏటగానీ లేవలేదు. నేను నేసిన ప్రతి చీరకూ సొసైటీ వాళ్ళు కొసన చిన్న చీటీ కుట్టేవాళ్ళు. 'నేసినవారు: రామలింగం' అని దాని మీద ఉండేది. చీర ఏ ఊరు పోతుందో, ఎవరు కడతారో తెలియదు, కానీ నా పేరు దాంతోపాటు పోతుంది కదా అని మురిసిపోయేవాణ్ణి.

చౌడేశ్వరమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్టను కండె అంటారు, అది లేకపోతే మగ్గం ఆడదు. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయినప్పుడు కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు మెలిపెట్టి అతికేది కూడా ఆవిడే. వేళ్ళకు విబూది రాసుకుని కూర్చుంటే, రెండువేల పైచిలుకు పోగులు, మర్నాటి మధ్యాహ్నానికి ఒక్కటి కూడా జారకుండా అతికేది. ఆ పనికి చీటీ లేదు. ఉండాలని నాకు ఏనాడూ తోచలేదు.

చీర దించడంలో మా ఇళ్ళల్లో ఒక కట్టుబాటు ఉంది. పడుగును చివరిదాకా కొయ్యరు. పోగులు దూరే దువ్వెన లాంటి అచ్చు దగ్గర జానెడు వదిలేస్తారు. ఆ జానెడుకే కొత్త పడుగు అతుకుతారు. అది కూడా కోసేస్తే రెండువేల పోగులనూ మళ్ళీ ఒక్కొక్కటిగా అచ్చు సందుల్లోంచి దూర్చుకోవాలి. చౌడేశ్వరమ్మ పుట్టింట్లో మగ్గం లేదు, వాళ్ళది కలంకారీ అద్దకం. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక రోజు, నేను అన్నానికి లేచినప్పుడు, సాయం చేద్దామనుకుని తనే చీర దించింది. కత్తెరతో ఆ జానెడూ కోసేసింది.

మూడు రోజులు మగ్గం ఆగింది. మా అమ్మ ముందు, పక్కింటి సంపూర్ణమ్మ ముందు, తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. అక్కడితో ఊరుకున్నానా అంటే అదీ లేదు. ఆ తర్వాత పాతికేళ్ళ పాటు, చీర దించిన ప్రతిసారీ "చివరి జానెడు జాగ్రత్త" అని ఎత్తిపొడుస్తూనే ఉన్నాను. ఆవిడ "ఊఁ" అని ఊరుకునేది.

మగ్గాలు ఎలా ఆగిపోయాయో అందరికీ తెలిసిన కథే, మళ్ళీ చెప్పను. విజయవాడ వన్ టౌన్‌లో ఒక గది తీసుకుని, గుడ్డల కొట్టులో చీరలు మడతపెట్టే పనికి కుదిరాను. మరమగ్గాల మీద నేసిన చీరలు. వాటిని మడతపెడుతుంటే నా చేతులు నన్నే తిట్టేవి. మా అబ్బాయి కిరీటి ఏసీలు బిగిస్తాడు. వాడే ఒకరోజు వచ్చి, "నాన్నా, ఆటోనగర్‌లో పాత సోలార్ ప్యానెళ్ళు విప్పే షెడ్డు పెట్టారు, నిదానంగా పని చేసేవాళ్ళు కావాలంట" అని చెప్పాడు. వెళ్ళాను. యజమాని దుర్గాశంకర్ గారు. వన్ టౌన్‌లో పాత ఇనుము వ్యాపారం చేసి చేసి ఇటు వచ్చినాయన. నేతపని చేశానంటే వెంటనే తీసుకున్నారు. నెల తిరక్కుండా నేనే ఆయన్ని బతిమాలి, గాజుపొడి ఊడ్చే పనిలో మా ఆవిణ్ణి కూడా పెట్టించాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఆవిణ్ణి ఆ గేటు లోపలికి తెచ్చింది నేను.

ప్యానెళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. పొలాల్లో మోటార్ల దగ్గర పెట్టినవి, కాలేజీల మేడల మీదవి, బుడమేరు వరదలో మునిగి బురద పట్టినవి. ముందు చుట్టూ ఉన్న అల్యూమినియం ఫ్రేము విప్పుతాం. వెనక పెట్టెలోంచి రాగి తీగలు లాగేస్తాం. మిగిలేది ఒక పెద్ద పలక. పైన గాజు, దాని కింద జిగురు, జిగురులో నల్లటి బిళ్ళలు, అట్టడుగున ప్లాస్టిక్ పొర. బిళ్ళల మీద సన్నటి గీతలుంటాయి, అది వెండి. తర్వాత దాన్ని ఆసిడ్లలో వేసి తీస్తారు. జరీలో వెండి ఎరిగినవాణ్ణి గనక మొదటి రోజే ఆ గీతలను గుర్తుపట్టి మెప్పు కొట్టేశాను. అప్పుడు నా రోజులు బాగున్నాయి.

అసలు పని గాజు దగ్గర ఉంది. బల్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి జరిగే పొడుగాటి వేడి కత్తి ఉంటుంది. మర తిప్పుతుంటే అది గాజుకూ జిగురుకూ మధ్య దూరి కోసుకుంటూ పోతుంది. గాజు నిలువునా వస్తే మళ్ళీ గాజుగానే పనికొస్తుంది. కానీ ఇది మామూలు కిటికీ అద్దం లాంటిది కాదు. ఎక్కడ చిన్న దెబ్బ తగిలినా మొత్తం ఒక్కసారిగా ఉప్పురాళ్ళ కుప్ప అయిపోతుంది. నేతగాడివి కదా అని నన్నే కత్తి బల్ల దగ్గర నిలబెట్టారు. అన్నీ బాగానే పోయేవి, చివరికొచ్చేసరికి, కత్తి ఇంకో జానెడు దూరంలో బయటపడుతుందనగా, గాజు బరువుకు వంగి ఫట్టుమనేది. రెండిట్లో ఒకటి పోయేది. దుర్గాశంకర్ గారు "పగిలినా గాజేలే అమ్మా" అనేవారు. హెప్సిబా గారు ఒప్పుకునేవారు కాదు. గుణదల నుంచి ఎర్ర స్కూటీ మీద అందరికంటే ముందు వచ్చి, ముందురోజు పగిలినవాటి దగ్గర నిలబడి తల పట్టుకునేవారు.

ఒక రోజు అలాగే ఫట్టుమంది. చౌడేశ్వరమ్మ చీపురుతో వచ్చి కుప్ప ఊడుస్తూ, తల ఎత్తకుండానే అంది.

"ఏవండీ, చివర జానెడు వదిలెయ్యచ్చుగా."

"నువ్వు ఊడ్చు" అన్నాను.

"అది కాదండీ. అక్కడ ఆపి, ప్యానెల్‌ని తిప్పి, అటుపక్క నుంచి రండి. పట్టుకునేదొకటి ఉంటే వంగదుగా."

"ఊడవమన్నానా లేదా?"

హెప్సిబా గారు వెనకే ఉన్నారట. "ఏమన్నారమ్మా? మళ్ళీ చెప్పండి" అని చీపురు పక్కన పెట్టించి, మర పిడి చౌడేశ్వరమ్మ చేతికి ఇచ్చారు. నేను పక్కకు జరిగాను. ఆవిడ చేతులు చీరకు తుడుచుకుంది. అలవాటు కొద్దీ బొటనవేలితో చూపుడువేలిని రుద్దుకుంది, విబూది ఉన్నట్టు. జానెడు మిగలగానే ఆపింది. తిప్పింది. అటునుంచి వచ్చింది. ఎడమచేతి వేళ్ళు గాజు మీద ఆనించి, కత్తి దారులు రెండూ కలిసే చోట మరను ఊపిరి పట్టినంత నెమ్మదిగా తిప్పింది. తర్వాత ఇద్దరం చెరో పక్కా పట్టుకుని ఎత్తితే గాజు పెనం మీంచి అట్టు లేచినట్టు లేచింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను గాజు పట్టుకుని ఉన్నాను గనక కొట్టే పని తప్పింది.

ఆ జానెడు ఎవరిది? నాది. మా నాన్నది. పాతికేళ్ళు నేను నోరు నొప్పెట్టేలా చెప్పిన మాట. ఆ మాట నా నోట్లోనే ఉండగా నా చేతికి ఎందుకు తట్టలేదు? తిన్న తిట్లు ఆవిడకు పనికొచ్చాయి, తిట్టినవాడికి ఏమీ మిగల్లేదు. ఆ రాత్రి అన్నం తింటూ ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా నాకు మింగుడు పడలేదు.

మర్నాటి నుంచి పొద్దుటి పూట కత్తి బల్ల నాది, మధ్యాహ్నం ఆవిడది అని ఏర్పాటు చేశారు. తీసిన ప్రతి గాజు మీదా తీసినవాళ్ళ పేరు రాసిన చీటీ అంటించాలని హెప్సిబా గారు కొత్త పద్ధతి పెట్టారు. చౌడేశ్వరమ్మ "రాయడం ఎప్పుడో మర్చిపోయానండీ" అంది. దాంతో చీటీలు రాసే పని నాకొచ్చింది. మధ్యాహ్నం కాగానే స్కెచ్ పెన్ను పట్టుకుని బల్ల పక్కన నిలబడి 'చౌడేశ్వరమ్మ', 'చౌడేశ్వరమ్మ', 'చౌడేశ్వరమ్మ' అని నా చేత్తో నేనే రాయాలి. ఎంత పొడుగు పేరో అప్పుడు తెలిసింది నాకు. నా పేరు చీటీలు పొద్దుట నాలుగు, అయిదు. మిగతావి చీపుర్లోకి పోయేవి.

ఆవిడ పద్ధతిలో నేనూ కొయ్యచ్చు కదా అని మీరు అడుగుతారు. ఎందుకు కోస్తాను? ఊడ్చే మనిషి చెబితే నేను నేర్చుకోవాలా? చివరిదాకా ఒకే దారిన కోసేవాణ్ణి, పగలగొట్టేవాణ్ణి, ప్యానెల్ నాసిరకమని తిట్టేవాణ్ణి.

అవతల ఆవిడ వైభోగం చూడండి. దుర్గాశంకర్ గారు నన్ను "ఏవయ్యా రామలింగం" అంటారు, ఆవిణ్ణి "చౌడేశ్వరమ్మ గారూ" అంటారు. ఇంజనీరింగు కాలేజీ పిల్లలు ఫోటోలు తియ్యడానికి వస్తే, అందులో ఒకమ్మాయి నాతో "బాబాయ్ గారూ, కొంచెం పక్కకి జరుగుతారా, ఆంటీ మీద మీ నీడ పడుతోంది" అంది. జరిగాను. షేర్ ఆటో ఎక్కితే ముందు పోయే ఆటో వెనక 'నన్ను చూసి ఏడవకురా' అని రాసి ఉండేది. వన్ టౌన్ నుంచి ఆటోనగర్ దాకా ఎన్ని ఆటోలుంటే అన్నీ నాకే చెబుతున్నట్టుండేది.

ఇంటికొస్తే మనిషిలో మార్పేమైనా ఉంటుందా అని చూసేవాణ్ణి. లేదు. కాళ్ళకు నీళ్ళిచ్చి, ముందు నాకు పెట్టి, తర్వాత తను తినేది. కాస్త టెక్కు చూపించినా బాగుండును, తిట్టడానికి దారి దొరికేది. ఒక రోజు మాత్రం, చిన్న పగులున్న ప్యానెల్ వచ్చి, ఆవిడ చేతిలో కూడా గాజు పగిలింది. ఆవిడ ముఖం చిన్నబోయింది. నాకు కడుపులో చల్లగా అయింది. ఆ పూట డబ్బాలో అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, తిన్న మాట నిజం.

ఇంతలో పక్క స్థలంలో రెండో షెడ్డు లేచింది. కొత్తగా ఆరుగురు ఆడవాళ్ళను తీసుకున్నారు. వాళ్ళకు పని నేర్పి, పైన చూసుకోవడానికి ఒక మేస్త్రీ కావాలి. "రెండు వారాలు చూద్దామండీ. మీ ఇద్దరిలో ఎవరి గాజులు ఎక్కువ నిలిస్తే వాళ్ళే మేస్త్రీ. చీటీలు ఉన్నాయిగా, నేను చూసుకుంటాను" అన్నారు హెప్సిబా గారు.

నాకు ఆ మేస్త్రీ పని కావాలి. ఎంతలా కావాలంటే, మగ్గం పోయాక నేను మళ్ళీ మనిషిననిపించుకునే దారి అదొక్కటే అన్నంతలా. షెడ్డు ముందు 'మేస్త్రీ: రామలింగం' అని, సొసైటీ చీటీ మీది లాంటి అక్షరాలతో రాసినట్టు కలలో కూడా చూశాను. మొదటి వారం అయ్యేసరికి ఆవిడ గాజులు నా వాటికంటే పది ఎక్కువ.

సాయంత్రం గాజులన్నీ చెక్క అరల్లోకి సర్దే పని నాదే. రెండో వారం సోమవారం అందరూ చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు, ఆవిడ గాజు మీది చీటీ గోటితో లేపాను. తేలిగ్గా వచ్చింది. జేబులో నా పేరు రాసిన చీటీ ఉంది. ముందే రాసి పెట్టుకున్నాను, అనుకోకుండా చేశానని చెప్పను. అంటించాను. ఆ రోజు మూడు, మర్నాడు నాలుగు, ఆ పైరోజు నాలుగు. చీటీ ఊడే చిన్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఊడదీసిన వాటిని ఉండ చుట్టి, ఇంటికి వెళ్ళేటప్పుడు కాలవలో పడేశాను.

శుక్రవారం సాయంత్రం హెప్సిబా గారు మా ఇద్దరినీ పిలిచారు. దుర్గాశంకర్ గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. బల్ల మీద ట్యూబులైటు కింద ఒక గాజు పడుకోబెట్టి ఉంది. మూలన నా పేరు చీటీ.

"రామలింగం గారూ, మీరు రెండు పక్కల నుంచీ కొయ్యడం ఎప్పుడు మొదలెట్టారండీ?" అన్నారావిడ.

నాకు అర్థం కాలేదు. హెప్సిబా గారు వేలు పెట్టి చూపించారు. గాజు చివరి నుంచి జానెడు దూరంలో, అడ్డంగా, వెంట్రుక లాంటి గీత. రెండు కోతలు కలిసినచోట జిగురు అలా మిగులుతుందట, తుడిచినా పోదట. చౌడేశ్వరమ్మ తీసిన ప్రతి గాజుకూ ఉంటుంది. నా వాటికి ఉండదు. నేను ఆవిడ పద్ధతిని చేతులారా కాదన్నాను కదా, ఆ పంతమే నన్ను పట్టిచ్చింది. ఇన్నాళ్ళూ ఆవిడ గాజులు మోసి సర్దినవాణ్ణి, ఒక్కదాన్నీ వెలుతురుకు పెట్టి చూడలేదు.

"చౌడేశ్వరమ్మ గారూ, మీరు చెప్పండి. ఇది ఎవరు తీశారు?"

ఆవిడ గాజు మీదికి వంగింది. చీటీ చదివింది. చదివిందని నాకు తెలుసు, ఎందుకంటే పెదాలు కదిలి ఆగిపోయాయి. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. ముప్ఫై ఏళ్ళలో నా పేరు ఆవిడ నోట ఒక్కసారి కూడా వినలేదు నేను. కొంగుతో ఆ గీత మీద ఒకసారి తుడిచింది.

"ఆయన తీసిందేనండీ" అంది.

"మరి ఈ గీత?"

"జానెడు వదలడం నాకు నేర్పిందే ఆయనండీ."

దుర్గాశంకర్ గారు తొడ మీద చరిచి, "నేను చెప్పలా! నేతగాడి చెయ్యి ఎక్కడికి పోద్ది!" అన్నారు. హెప్సిబా గారు నా వంక ఒక్క క్షణం చూసి, సరే అన్నట్టు తలాడించారు. మేస్త్రీ పని నాకొచ్చింది.

సంతోషించాలి కదా. వన్ టౌన్‌లో ఆటో దిగి సందుల్లోంచి ఇంటికి నడుస్తుంటే నాకు మరింత మంటగా ఉంది. నేను పీక్కున్నదాన్ని ఆవిడ చేతికంటిన మట్టి దులుపుకున్నట్టు ఇచ్చేసింది. ఇవ్వగలిగింది. నాకు ఆ చెయ్యి లేదు. దానికి కుళ్ళు పుట్టింది.

"ఎందుకలా చెప్పావే?" అన్నాను.

"చీరలన్నిటికీ మీ పేరే ఉండేదిగా. ఎప్పుడన్నా అడిగానా?"

"ఎత్తిపొడుస్తున్నావా?"

ఆవిడ ఆగింది. నా ముఖంలోకి చూసి, గొంతు పెంచకుండా, "పేరు కావాలంటే నన్నడగచ్చుగా. అడిగితే ఇచ్చేదాన్ని. పీక్కుపోయారు" అంది. తర్వాత కూరల బండి దగ్గర నిలబడి వంకాయలు ఏరుకుంది.

సోమవారం కొత్త షెడ్డులో ఆరుగురు ఆడవాళ్ళూ వరసగా నిలబడ్డారు. స్టెల్లా అని వాళ్ళల్లో ఒకామె నోటుపుస్తకం కూడా తెచ్చుకుంది. హెప్సిబా గారు ఒక పక్క, చౌడేశ్వరమ్మ చీపురు పట్టుకుని గుమ్మం దగ్గర. నన్ను మేస్త్రీగా నిలబెట్టడానికే ఆ చీపురు మళ్ళీ పట్టుకుందని నాకు బాగా తెలుసు.

మర తిప్పాను. జానెడు దగ్గర ఆపాను. తిప్పి పెట్టి అటునుంచి వచ్చాను. ఇక్కడిదాకా చూసి నేర్చుకున్నదే. కానీ కలిసే చోటు ఎక్కడో చెయ్యికి తెలియాలి. ఆవిడకు తెలిసేది, రెండువేల పోగుల్లో ఒక పోగు వదులైతే తెలిసినట్టు. నా వేళ్ళకు గాజే తగిలింది, ఇంకేమీ తగల్లేదు. ఒక్క చుట్టు ఎక్కువ తిప్పాను. ఫట్టుమంది. ప్యానెల్ మొత్తం తెల్లగా పొంగి, జలజలా బల్ల మీంచి నా చెప్పుల మీదికి రాలింది.

"మళ్ళీ చూపిస్తారా అండీ? రాసుకోలేదు" అంది స్టెల్లా.

చౌడేశ్వరమ్మ ఊడవడానికి ముందుకొచ్చింది. నా కాళ్ళ దగ్గర వంగి, చెప్పుల మీది గాజుపలుకులు చేత్తో ఏరుతోంది. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

"వదిలెయ్! ఊడవడం ఆపు!" అని అరిచాను. "మేడం గారూ, ఇది నా పని కాదండీ. ఆ పదకొండు గాజులూ ఈవిడ తీసినవే. చీటీలు పీకి నావి అంటించాను. ఈవిడ మీకు అబద్ధం చెప్పింది. నేను దొంగతనం చేశాను. ఇప్పుడు చెప్పండి, ఎవరికి నేర్పమంటారో!"

పెద్ద మనసుతో చెప్పానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఉక్రోషంతో చెప్పాను. ఆవిడ పెట్టిన భిక్ష మీద మేస్త్రీగిరీ చెయ్యడం నా వల్ల కాలేదు, అంతే. హెప్సిబా గారు వచ్చి చౌడేశ్వరమ్మ చేతిలోంచి చీపురు తీసుకుని నా చేతికిచ్చారు.

నెల రోజులవుతోంది. నన్ను పంపించెయ్యాలని దుర్గాశంకర్ గారు పట్టుబట్టారట. పంపిస్తే తనూ రానని మా ఆవిడ చెప్పిందట. ఆ విషయం నాకు స్టెల్లా చెప్పింది, ఆవిడ చెప్పలేదు. ఇప్పుడు కొత్త షెడ్డుకు మేస్త్రీ ఆవిడే. నేను ఫ్రేములు విప్పి, పలకలు తుడిచి, ఒక్కొక్కటే ఆవిడ బల్ల మీదికి అందిస్తాను. కత్తి చల్లారకుండా చూస్తాను. నా పని ఆగితే ఆవిడ బల్ల ఆగుతుంది. చీటీ మీద మాత్రం ఆవిడ పేరే. పాతికేళ్ళు రాట్నం ముందు కూర్చున్న మనిషికి ఎలా ఉండేదో కొంచెం తెలిసింది. పూర్తిగా తెలిసిందనను.

కుళ్ళు పోయిందా అంటే, లేదు. పొద్దున గేటు లోపలికి రాగానే బోర్డు మీద ముందే పెట్టిన ఆవిడ ఫోటో కనిపిస్తుంది, మండుతుంది. నిన్న నా తొమ్మిది వాక్యాలు దాని కింద అంటించారు. సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ చౌడేశ్వరమ్మ ఆగి, వాక్యం కింద వేలు పెట్టుకుంటూ మొత్తం చదివింది. ఆరుగురు ఆడవాళ్ళూ వెనక నిలబడ్డారు.

"రాసినాయన పేరేది? కింద లేదే" అంది నా వైపు తిరిగి. "ఎవరైనా పీకేశారా?"

ఆడవాళ్ళు నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. నేను కావాలనే రాయలేదు, కండెలు చుట్టినవాళ్ళ పేరు చీర మీద ఉండదని. అంత వివరం ఇంతమందిలో ఏం చెబుతాను? నోరు తెరిస్తే ఇంకో మాట వచ్చింది.

"నువ్వు రాయి" అన్నాను. "అడుగుతున్నాగా."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. స్టెల్లా చీటీ చింపి ఇచ్చింది, స్కెచ్ పెన్ను మూత తీసి ఇచ్చింది. చౌడేశ్వరమ్మ చీటీని గోడకు ఆనించుకుని, అయిదో తరగతి పిల్లలా నాలుక కొన బయటపెట్టి, ఒక్కో అక్షరమే దిద్దింది. ఎన్నడూ నోటితో పలకని పేరు. 'రామలింగం' అని రాసి, మూల కూడా లేవకుండా బొటనవేలితో గట్టిగా అదిమి అంటించింది.

నేను దగ్గరికెళ్ళి చూశాను. ముప్ఫై ఏళ్ళు పెన్ను పట్టని మనిషి అక్షరాలు నా వాటికంటే గుండ్రంగా ఉన్నాయి. దానికి కూడా నాకు కుళ్ళుగానే ఉంది.